ఈ నిధి ఎవరిది? డంజన్ మాస్టర్స్ గైడ్ ఏడో అధ్యాయంపై సమీక్ష

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథను నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నేను డంజన్ మాస్టర్‌గా, అంటే ఆటను నడిపే మనిషిగా, కూర్చున్న తొలి నెలల్లో ఒక సంగతి నన్ను బాగా కలతపెట్టింది. మూడు గంటలపాటు పోరాడి, ఇద్దరు చావు అంచుదాకా వెళ్లి వచ్చి, మా ఆటగాళ్లు ఓగర్లనే రాక్షసుల గుహను గెలిచారు. అక్కడ దొరికిన పెట్టె మూత తెరిచినప్పుడు, అందులో మూడు వందల బంగారు నాణేలు ఉన్నాయని నేను చెప్పాను. ఒకరు ఆ అంకెను కాగితం మీద రాసుకున్నారు, మిగిలిన నలుగురు తర్వాతి గదికి దారి ఎటు అని అడిగారు. ఓగర్‌ను ఎలా పడగొట్టారో వారాల తరబడి చెప్పుకున్నారు గాని, ఆ నాణేల మాట మళ్లీ ఎత్తినవారు లేరు. నిధిని ఆటలో ఒక అంకెగా కాక ఒక వస్తువుగా నిలబెట్టడానికి ఏ సాయం దొరుకుతుందా అని, అప్పటినుంచి డంజన్ మాస్టర్స్ గైడ్ ఏడో అధ్యాయాన్ని మళ్లీ మళ్లీ చదువుతూ, ఆదివారపు ఆటల్లో పరీక్షిస్తూ వచ్చాను. ఈ సమీక్ష ఆ ఒక్క అధ్యాయానికే పరిమితం.

విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఆట ఐదో ఎడిషన్ కోసం 2014 డిసెంబరులో వెలువరించిన ఈ 320 పేజీల గట్టి అట్ట పుస్తకం, ఆటను నడిపేవారికి ఉద్దేశించినది. ఏడో అధ్యాయం పేరే నిధి. నాణేలు, రత్నాలు, కళాఖండాలు, మంత్రవస్తువులు అనే నాలుగు రకాల సంపదను పాచికలు వేసి నిర్ణయించే పట్టికలు మొదట వస్తాయి, ఆ తర్వాత వందల కొద్దీ మంత్రవస్తువుల వర్ణనలు అక్షరక్రమంలో సాగుతాయి, చివర్లో డబ్బుతో కొలవలేని బహుమానాల గురించి కొన్ని పేజీలు ఉంటాయి. శత్రువు బలాన్ని బట్టి నిధిరాశుల పట్టికలు నాలుగు అంచెలుగా విడివడి ఉన్నాయి. ఒక మామూలు క్యాంపెయిన్, అంటే ఎన్నో ఆటల పాటు సాగే ఒకే కథ, మొదటినుంచి చివరిదాకా సాగితే, మొదటి అంచె పట్టికపై ఏడుసార్లు, రెండో దానిపై పద్దెనిమిదిసార్లు, మూడో దానిపై పన్నెండుసార్లు, నాలుగో దానిపై ఎనిమిదిసార్లు పాచికలు పడతాయని పుస్తకమే లెక్క చెబుతుంది. ఆటగాళ్లు ఏ దశలో ఎంత సంపద చేతబట్టి ఉంటారో ముందే ఊహించుకోవడానికి ఈ లెక్క ఎంతో పనికి వస్తుంది. కొత్తగా ఆట నడిపేవారు ఎక్కువ ఇచ్చేశామేమో, తక్కువ ఇచ్చామేమో అని పడే మథనాన్ని ఈ ఒక్క వాక్యం తీరుస్తుంది.

నాణేల పట్టికలు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా పొడిగా ఉన్న భాగం, అయితే జాగ్రత్తగా చదివితే వాటిలోనే ఒక కథ దాగి ఉంది. మొదటి అంచె నిధిరాశిలో ఆరు పాచికల మొత్తాన్ని వందతో హెచ్చవేస్తే రాగి నాణేలు, మూడు పాచికల మొత్తాన్ని వందతో హెచ్చవేస్తే వెండి నాణేలు, రెండు పాచికల మొత్తాన్ని పదితో హెచ్చవేస్తే బంగారు నాణేలు వస్తాయి. సగటున చూస్తే ఇవి 2,100 రాగి, 1,050 వెండి, 70 బంగారం. పది రాగి ఒక వెండి, పది వెండి ఒక బంగారం కాబట్టి అంతా కలిపి 196 బంగారు నాణేల విలువ. ఆట నియమాల ప్రకారం యాభై నాణేలు ఒక పౌను తూగుతాయి గనుక ఈ రాశి బరువు 64 పౌన్లు, అంటే దాదాపు 29 కిలోలు. అందులో 19 కిలోలు రాగే, ఆ రాగి మొత్తం విలువ చూస్తే 21 బంగారు నాణేలు మాత్రమే. చాలా బృందాలు నాణేల బరువును పట్టించుకోవు. నేనూ మొదట్లో పట్టించుకోలేదు. బరువు లెక్కలోకి తెచ్చిన మొదటి రోజునే, గాయపడిన మిత్రుణ్ని మోయాలా, రాగి సంచి మోయాలా అని ఆటగాళ్లు అరగంట చర్చించుకున్నారు. చివరి అంచెలో ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. అక్కడ సగటు రాశి 42,000 బంగారు, 28,000 ప్లాటినం నాణేలు. డెబ్బై వేల నాణేలు 1,400 పౌన్లు, అంటే 635 కిలోలు. లోపల మరో చోటు దాచుకున్న బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అనే మంత్రపు సంచి సైతం 500 పౌన్లే మోస్తుంది. ఇంత సంపదను గుహలోంచి బయటికి తేవడమే ఒక కొత్త సాహసం అవుతుందని అధ్యాయం ఎక్కడా గుర్తు చేయకపోవడం నాకు కొరతగా తోచింది.

ఇంకో కొరత కూడా నాణేలకు సంబంధించినదే. బంగారం, వెండి కలిసిన ఎలక్ట్రమ్ నాణేలూ ప్లాటినం నాణేలూ పతనమైన సామ్రాజ్యాలనుంచి, కనుమరుగైన రాజ్యాలనుంచి వచ్చినవని, వాటిని చెల్లింపులో ఇస్తే జనం అనుమానంగా చూస్తారని ఇదే ఆటకు చెందిన ఆటగాళ్ల పుస్తకం చెబుతుంది. ఎంత చక్కటి ఊహ! అయినా నిధిరాశుల నాలుగు పట్టికల్లోనూ ఎలక్ట్రమ్ గడి ఖాళీగానే ఉంది. పాత రాజ్యపు సమాధిలో పాత రాజ్యపు నాణేలే దొరకాలి కదా. ఒకసారి మరుగుజ్జు పూజారి పాత్ర ఆడే మా తమ్ముడు, ‘‘అక్కా, ఆ నాణెం మీద ఎవరి బొమ్మ ఉంది?’’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం కూర్చుని మా కల్పిత ప్రపంచంలోని మూడు రాజవంశాలకు మూడు ముద్రలు నిర్ణయించాను. వరాహం ముద్ర ఉన్నందుకే వరహాకు ఆ పేరు వచ్చిందని చిన్నప్పుడు విన్న మాట నాకు దారి చూపింది. ఇప్పుడు ఏ పెట్టె తెరిచినా ముందు ముద్ర ఏదని అడుగుతారు, ఎందుకంటే తోడేలు ముద్ర ఉన్న నాణేలను ఉత్తరాది కోటలో ఎవరూ తీసుకోరని వారికి అనుభవం మీద తెలిసింది.

రత్నాలు, కళాఖండాల పట్టికలు నాణేల కన్నా చాలా మెరుగు. పది బంగారు నాణేల విలువ చేసే నీలి క్వార్ట్జ్, మలకైట్, లాపిస్ లాజులి మొదలుకొని ఐదు వేల నాణేల వజ్రం, కెంపు వరకు ఆరు మెట్లలో రాళ్లు ఉన్నాయి, ప్రతి రాయికీ రంగు, పారదర్శకత చెప్పబడ్డాయి. కళాఖండాలు ఐదు మెట్లు. పాతిక నాణేల మెట్టులో చెక్కిన ఎముక పాచికల జత, లోపల చిత్రం ఉన్న బంగారు లాకెట్, వెండి దారంతో కుట్టిన నల్ల మఖమల్ ముసుగు వంటివి ఉంటే, ఏడున్నర వేల మెట్టులో రంగు వేసిన బంగారు శవపేటిక ఒకటి ఉంది, అది ఒక చిన్నబిడ్డది. ఆ ఒక్క మాట చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఆలోచించాను. దాన్ని ఎవరు అమ్ముకోగలరు, ఎవరు కొనగలరు, ఆ బిడ్డ ఎవరు? లాకెట్‌లో చిత్రం కూడా అలాంటిదే. ఆ చిత్రంలోని ముఖాన్ని మూడు ఆటల తర్వాత ఏ సంతలోనో ఆటగాళ్లకు ఎదురుగా నిలబెట్టవచ్చు. ఈ పట్టికలు రాసినవారికి వస్తువుల మీద నిజమైన ప్రేమ ఉందని నేను నమ్ముతాను. కాని కళాఖండాలు ఒక్కో మెట్టులో పదో ఎనిమిదో మాత్రమే ఉన్నందువల్ల పద్దెనిమిదిసార్లు పాచికలు వేసే రెండో అంచె ముగిసేసరికి అవే వస్తువులు తిరిగి తిరిగి వస్తాయి. రాళ్ల విషయంలో మరో లోపం ఏమిటంటే, ప్రతి రాయీ ధర చీటీ అంటించుకుని దొరుకుతుంది. తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలలో వజ్రాల కోసం వెతికే జనాన్ని గురించి విన్న ఏ తెలుగువారికైనా తెలుసు, మట్టిలో దొరికిన రాయి వజ్రమో గాజుపెంకో తేల్చేవాడు, కొనేవాడు, ఆ వార్తను గుట్టుగా ఉంచేవాడు ముగ్గురూ కథలో భాగమేనని. మా ఆటలో ఇప్పుడు రత్నాలు సానపట్టని రాళ్లుగానే దొరుకుతాయి, వాటి విలువ తెలియాలంటే నమ్మదగిన మనిషిని వెతుక్కోవాలి.

మంత్రవస్తువుల విభాగం గురించి చాలామంది ఇప్పటికే రాశారు కాబట్టి నేను క్లుప్తంగానే చెబుతాను. ఎ నుంచి ఐ వరకు తొమ్మిది పట్టికలు ఉన్నాయి, ఒక్కో పాత్ర ఒకేసారి మూడు వస్తువులతో మాత్రమే గాఢమైన బంధం పెట్టుకోగలదన్న నియమం మితిని చక్కగా కాపాడుతుంది. దాడికి ఒక అంకె కలిపే కత్తులు ఉపయోగకరమైనవే గాని గుర్తుండిపోయేవి కావు. గుర్తుండేది కదలని కడ్డీ వంటి వస్తువు. ఒక బొత్తాం నొక్కితే అది గాలిలోనైనా సరే ఉన్నచోటనే బిగుసుకుపోతుంది, ఎనిమిది వేల పౌన్ల బరువు వరకు, అంటే దాదాపు 3,600 కిలోల వరకు, నిలిచి భరిస్తుంది. యుద్ధంలో నేరుగా ఏ మేలూ చేయని ఈ కడ్డీని మా వాళ్లు తలుపుకు అడ్డగడియగా వాడారు, ఎండిన బావిలో దిగడానికి మెట్టుగా వాడారు, ఒకసారి తేలిపోతున్న పడవకు లంగరుగా వాడారు. అలాంటి వస్తువులు తక్కువ అరుదైన వర్గంలోనే దొరకడం పుస్తకం చేసిన మంచి నిర్ణయం. ధరల విషయంలో మాత్రం పుస్తకం చేతులు దులుపుకుంది. అరుదైన వస్తువు విలువ 501 నుంచి 5,000 వరకు, అంతకన్నా అరుదైనది 5,001 నుంచి 50,000 వరకు అని చెబితే, వాటి మధ్య పది రెట్ల తేడాను పూడ్చుకునే భారం డంజన్ మాస్టర్ మీదే పడుతుంది.

ఇక ఈ అధ్యాయానికి ప్రాణం అని నేను భావించే భాగం గురించి చెప్పాలి. మంత్రవస్తువుల వర్ణనలు మొదలవడానికి ముందు నాలుగు చిన్న పట్టికలు ఉన్నాయి, తొందరగా పేజీలు తిప్పేవారి కంటికి అవి ఆనవు. వస్తువును ఎవరు చేశారు లేదా ఎవరి కోసం చేశారు అనేది మొదటిది, దాని చరిత్రలో ఒక ఘట్టం ఏమిటనేది రెండోది, దానికి ఉన్న చిన్న గుణం ఏమిటనేది మూడోది, దాని వింత స్వభావం ఏమిటనేది నాలుగోది. పట్టికలో పడిన మామూలు డాలును, భూగర్భంలో ఎంత లోతున ఉన్నామో ధరించినవారికి తెలిపేదిగా, ఎప్పుడూ గొణుగుతూ ఉండేదిగా, మరుగుజ్జులు ఏదో ఆచారం కోసం చేసినదిగా మార్చడానికి నాలుగుసార్లు పాచిక వేస్తే చాలు. గొణిగే వస్తువు మాటలను శ్రద్ధగా వింటే పనికివచ్చే విషయం తెలియవచ్చునని కూడా పుస్తకం చెబుతుంది. రోజుకు ఒక్క నెత్తుటి చుక్క అయినా తగిలితేనే పనిచేసే ఆకలిగొన్న వస్తువు ఒకటి ఉంది, అది ఎవరికి దొరికితే వారి స్వభావం బల్ల దగ్గర బయటపడుతుంది.

వినాయక చవితినాడు అక్షింతలు చేతబట్టుకుని శమంతకోపాఖ్యానం విన్న మనకు ఈ నాలుగు ప్రశ్నలు కొత్తవి కావు. శమంతకమణిని ఎవరు ఇచ్చారు? సూర్యుడు సత్రాజిత్తుకు ఇచ్చాడు. దాని గుణం ఏమిటి? రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. దాని స్వభావం ఏమిటి? శుచి తప్పి ధరించినవారికి చేటు తెస్తుందని పురాణం. దాని చరిత్ర ఏమిటి? ప్రసేనుడి మెడనుంచి సింహానికి, సింహంనుంచి జాంబవంతుడికి, అక్కడ ఉయ్యాలలోని బిడ్డకు ఆటవస్తువుగా, చివరకు నీలాపనింద మోసిన శ్రీకృష్ణుడి చేతికి. ఆ మణి విలువ ఎంతో కథ విన్న ఎవరూ లెక్క కట్టరు, కాని అది ఎవరెవరి చేతులు మారిందో పిల్లలు సైతం వరుసగా చెప్పగలరు. పుస్తకంలోని నాలుగు పట్టికలు ఈ పనినే పాచికలతో చేయిస్తాయి. నా అభ్యంతరం ఒక్కటే, వీటిని మంత్రవస్తువులకు మాత్రమే పరిమితం చేశారు. నేను పాతిక నాణేల వెండి కూజాకు కూడా ఇవే పట్టికలు వాడతాను. చరిత్ర పట్టికలో భవిష్యవాణి అన్న ఫలితం వచ్చినందువల్ల, ఆ కూజా అడుగున ఒక రాజకుమారి పెళ్లి గురించిన మాటలు చెక్కి ఉన్నాయని చెప్పాను. దాన్ని అమ్మడానికి వెళ్లిన ఆటగాళ్లు రెండు నెలల పాటు ఆ రాజకుటుంబపు గొడవలోంచి బయటపడలేదు. కూజా ఇంకా అమ్ముడుపోలేదు.

అధ్యాయంలో పూర్తిగా కనిపించనిది సరుకు. ఆటగాళ్ల పుస్తకంలో పౌను మిరియాలు లేదా దాల్చినచెక్క రెండు బంగారు నాణేలని, లవంగాలు మూడు నాణేలని, కుంకుమపువ్వు పదిహేను నాణేలని, చదరపు గజం పట్టు పది నాణేలని చక్కటి పట్టిక ఉంది. నిధిరాశుల పట్టికల్లో మాత్రం వీటి ఊసే లేదు. దారిదోపిడీ చేసే గోబ్లిన్ల స్థావరంలో నగలు దొరుకుతాయి గాని, వాళ్లు దోచిన వర్తకుల బండ్లలోని సరుకు ఎక్కడికి పోయింది? ఈ లోటు పూడ్చుకోవడానికి నాకు మోటుపల్లి శాసనం ఆసరా అయింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఆ రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో వేయించిన అభయశాసనంలో చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టు, పగడాలు, రాగి, సీసం, మిరియాలు, పోకలు వంటి సరుకులపై సుంకాలు పేర్కొని ఉన్నాయి. పన్నెండు పేర్లు తీసుకుని పన్నెండు ముఖాల పాచికకు ఒక పట్టిక కట్టాను. పన్నీరు బుడ్లు పగలకుండా తేవాలి, కర్పూరం గాలికి వదిలేస్తే ఆవిరైపోతుంది, దంతాన్ని దాచడం కష్టం, మిరియాలు ఏ ఊళ్లోనైనా చెల్లుతాయి. ప్రతి సరుకూ తనదైన చిక్కును తెచ్చిపెడుతుంది. ఆ శాసనంలో ఇంకో విషయం ఉంది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు పూర్తిగా స్వాధీనం చేసుకునేవారని, తాను న్యాయమైన సుంకం తప్ప మిగతాది వదిలేస్తానని గణపతిదేవుడు వర్తకులకు మాట ఇచ్చాడు. నిధి దొరికిన క్షణంలోనే అది ఎవరికి చెందాలన్న వివాదం కూడా పుడుతుందని నాకు నేర్పింది ఈ శాసనమే. మునిగిన ఓడలో మా ఆటగాళ్లకు దొరికిన పట్టు మూటలకు ముగ్గురు హక్కుదారులు వచ్చారు. ముగ్గురిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు, ఎవరన్నది తేలడానికి ఒక ఆట పూర్తిగా పట్టింది, ఆ రోజు కత్తి దూసినవారు లేరు.

సంపాదించిన బంగారంతో ఏం చేయాలన్న ప్రశ్నకూ ఈ అధ్యాయం ఒంటరిగా జవాబు చెప్పలేదు. ఈ ఆట సృష్టికర్తలు గైగాక్స్, ఆర్నెసన్ 1974లో వెలువరించిన తొలి ఆటలో తెచ్చుకున్న ఒక్కో బంగారు నాణేనికి, పాత్రను పై స్థాయికి చేర్చే అనుభవ పాయింటు ఒక్కోటి దక్కేది కాబట్టి నిధి తనంతట తానే లక్ష్యంగా ఉండేది. ఐదో ఎడిషన్‌లో ఆ లంకె తెగిపోయింది. యోధుడు 1,500 నాణేలు పోసి నిలువెత్తు లోహకవచం కొనుక్కున్నాక సంచిలో మిగిలింది అంకెగానే ఉండిపోతుంది. జవాబు ఆరో అధ్యాయంలో ఉంది. చిన్న కోట కట్టడానికి యాభై వేల నాణేలు, నాలుగు వందల రోజులు పడతాయని, పెద్ద రాజప్రాసాదానికి ఐదు లక్షల నాణేలు, పన్నెండు వందల రోజులని అక్కడ చెప్పారు. ఏడో అధ్యాయం చివర్లో ఉన్న బహుమానాల పేజీలను దానితో కలిపి చదవాలి. పరిచయ లేఖలు, పతకాలు, బిరుదులు, భూములు, ప్రత్యేక హక్కులు, దేవతల దీవెనలు అక్కడ ఉన్నాయి. మాన్యాలు, అగ్రహారాలు, బిరుదు గద్యాలు ఎరిగిన తెలుగు చదువరికి ఈ పేజీలు ఇంటి మాటల్లా అనిపిస్తాయి. మా బృందంలో అందరికన్నా ఎక్కువ సంబరపడినది, నది ఒడ్డున నలభై ఎకరాల మాన్యం రాయించుకున్న వేటకత్తె పాత్ర ఆడే అమ్మాయి. ఆ పొలానికి నీరు పై ఊరివాళ్లు వదలాలి, ఆ పై ఊరి మునసబు మా కథలో ఇప్పుడు డ్రాగన్ కన్నా పెద్ద ప్రత్యర్థి. ఇంత సారమున్న భాగానికి కొన్ని పేజీలే కేటాయించి, వస్తువుల జాబితాకు ఎన్నో పేజీలు ఇవ్వడం నాకు నచ్చలేదు.

2024 నవంబరులో వచ్చిన కొత్త డంజన్ మాస్టర్స్ గైడ్‌లో మంత్రవస్తువుల పట్టికలను మంత్రవిద్య, ఆయుధాలు, పనిముట్లు, పవిత్రవస్తువులు అన్న ఇతివృత్తాల వారీగా విడదీశారు, అరుదైనదానికి 4,000, మరీ అరుదైనదానికి 40,000 అన్నట్టు ధరలను స్థిరపరిచారు. గుడిలో గుడికి తగిన వస్తువే దొరకాలనుకునేవారికి, సంతలో బేరం నడపాలనుకునేవారికి కొత్త ప్రతి ఎక్కువ ఉపయోగం. 2014 ప్రతి ఇప్పటికే ఉన్నవారు ఈ అధ్యాయం కోసమే కొత్తది కొననక్కరలేదు. నాణేల పట్టికతో లెక్క మాత్రం తేల్చుకుని, కళాఖండాల పట్టికను విరివిగా వాడి, ఆ నాలుగు చిన్న పట్టికలను ఒక కాగితం మీద రాసుకుని, ఆట నడిపేవారు తమ ముందు నిలబెట్టుకునే తెర వెనుక అంటించుకుంటే సరిపోతుంది. నా కాగితం అంచులు చిరిగిపోయాయి, ఈ వారం కొత్తది రాసుకోవాలి.